పనిచోట మానవ హక్కులు: విశాఖ సంస్థల మేనేజర్లకు, సూపర్‌వైజర్లకు శిక్షణ (తరచుగా అడిగే ప్రశ్నలు)

విశాఖపట్నంలోనూ, చుట్టుపక్కల పారిశ్రామిక ప్రాంతాల్లోనూ సంస్థలు నడిపేవారు, అక్కడి హెచ్‌ఆర్ అధికారులు, షిఫ్ట్ ఇన్‌చార్జిలు, టీమ్ లీడర్లు శిక్షణకు ముందూ తరువాతా ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. చట్టం చెప్పేదాన్ని చెబుతూనే, షాపు ఫ్లోరులో ఆ చట్టం ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ జారిపోతుందో కూడా చెప్పే ప్రయత్నం చేశాం.

మాకు హెచ్‌ఆర్ విభాగం ఉంది. ఈ శిక్షణ సూపర్‌వైజర్లకు ఎందుకు?

ఎందుకంటే బాధపడ్డ మనిషి ముందుగా వెళ్లేది హెచ్‌ఆర్ గదికి కాదు. ఆటోనగర్‌లోని ఫ్యాబ్రికేషన్ షెడ్డులో అయినా, మధురవాడ ఐటీ కార్యాలయంలో అయినా, పరవాడ ఫార్మా యూనిట్‌లో అయినా, రోజూ హాజరు వేసే, సెలవు ఇచ్చే, పని పంచే మనిషి చెవినే ఆ మాట మొదట పడుతుంది. ఆ మనిషి శ్రద్ధగా విని, సరిగ్గా రాసుకుని, చేరవలసిన చోటికి చేరిస్తే మిగతా వ్యవస్థ అంతా పనిచేసే అవకాశం ఉంటుంది. 'సర్దుకుపోవాలమ్మా, ఇలాంటివి మామూలే' అని పంపించేస్తే, ఎంత గొప్ప విధానం రాసుకుని గోడకు అంటించినా అది ఆ కార్మికురాలి దాకా రాదు. హెచ్‌ఆర్‌కు చట్టం తెలిసి ఉండడం అవసరమే, కానీ ఫిర్యాదు బతుకుతుందా లేదా అన్నది చాలాసార్లు అంతకుముందే తేలిపోతుంది. మా శిక్షణ అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

పనిచోట 'మానవ హక్కుల సమస్య' అంటే ఏమిటి? ఆ మాట వినగానే పోలీసు కస్టడీ గుర్తొస్తుంది.

1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం మానవ హక్కులను జీవితం, స్వేచ్ఛ, సమానత్వం, వ్యక్తి గౌరవం అనే నాలుగింటికి సంబంధించినవిగా నిర్వచించింది. ఈ నాలుగూ పనిచోట రోజూ పరీక్షకు నిలుస్తూనే ఉంటాయి. జీతంలో ఆడ మగ తేడా చూపడం, కులం పేరుతో చిన్నబుచ్చడం, లైంగిక వేధింపు, గర్భిణి అని తెలిశాక ఉద్యోగం మానిపించే ప్రయత్నం, వైకల్యం ఉన్నవారికి పని చేయగలిగే సదుపాయం ఇవ్వకపోవడం, వలస కూలీ ఆధార్ కార్డును కాంట్రాక్టరు తన దగ్గర పెట్టుకోవడం, ప్రమాదకరమని తెలిసీ రక్షణ లేకుండా ట్యాంకులోకి దింపడం: ఇవన్నీ ఆ కోవలోనివే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998లో ప్రకటించిన మౌలిక సూత్రాల్లో సంఘ స్వేచ్ఛ, వెట్టి నిర్మూలన, బాల కార్మిక నిర్మూలన, వివక్ష లేకపోవడం ఉండగా, 2022లో సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని ఐదవదిగా చేర్చారు. విశాఖవాసులకు ఆ చేర్పు ఎందుకు అవసరమో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇలాంటి శిక్షణ ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరా?

కొన్ని విషయాల్లో తప్పనిసరి. 2013 నాటి పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం, యజమాని నిర్ణీత వ్యవధుల్లో ఉద్యోగులకు అవగాహన కార్యక్రమాలు, ఆ వేధింపుల ఫిర్యాదులను సంస్థలోనే విచారించే అంతర్గత కమిటీ సభ్యులకు ప్రత్యేక శిక్షణ ఏర్పాటు చేయాలి. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీల్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలకు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసిన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికలో, ఎంతమంది ఉద్యోగులకు, కార్మికులకు మానవ హక్కుల అంశాలపై శిక్షణ ఇచ్చారో విడిగా చూపించాలి. లైంగిక వేధింపు, వివక్ష, బాల కార్మికులు, వెట్టి, జీతాలు వంటి అంశాలపై ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని మిగిలిపోయాయో కూడా అందులో చెప్పాలి. ఆ పెద్ద కంపెనీలకు సరుకు, సేవలు అందించే చిన్న యూనిట్లకు కూడా ఇప్పుడు ఇవే ప్రశ్నలతో ఫారాలు వస్తున్నాయి. దుస్తులు, రొయ్యలు, మందులు ఎగుమతి చేసే సంస్థలకు విదేశీ కొనుగోలుదారుల ఆడిట్‌లు ఎలాగూ ఉంటాయి.

అయితే ఆడిట్ కోసం హాజరుపట్టీ నింపే శిక్షణ మాకు ఇష్టం లేదు. సంతకాలు పెట్టించుకుని, స్లైడ్లు చూపించి, టీ ఇచ్చి పంపడంతో ఏ సూపర్‌వైజరూ మారడు.

ఎవరైనా మొదటిసారి తమ బాధ చెప్పుకున్నప్పుడు మేనేజర్ ఏం చేయాలి?

శిక్షణలో ఎక్కువ సమయం దీనికే పోతుంది, పోవాలి కూడా. సాధన కోసం మేం వాడే ఒక సన్నివేశాన్ని ఇక్కడ చెబుతాం. ఇది కల్పించినదే.

రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో నైట్ షిఫ్టు ముగియబోతోంది. గ్రేడింగ్ లైనులో పనిచేసే ఒకావిడ గ్లౌజులు తీస్తూ షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గరకు వచ్చి, 'సార్, రేపట్నుంచి నన్ను ఆ బస్సులో కాకుండా వేరే బస్సులో వెయ్యండి సార్' అంటుంది. 'ఎందుకమ్మా?' అంటే, 'ఏం లేదు సార్, ఊరికే' అంటుంది. చూపు మాత్రం కింద ఉన్న ట్రే మీదే ఉంటుంది. ఇన్‌చార్జికి ఇంటికి వెళ్లే తొందర, రూటు మారిస్తే ట్రాన్స్‌పోర్టువాళ్లతో గొడవ. 'నెలాఖరుకు చూద్దాంలే' అని ముగించేస్తాడు.

ఈ సన్నివేశం ఆడించిన తరువాత, 'ఆవిడ ఏం చెప్పింది?' అని అడిగితే మొదట చాలామంది 'బస్సు మార్చమంది' అంటారు. కానీ ఫిర్యాదులు ఫిర్యాదుల రూపంలో రావడం అరుదు. బస్సు మార్చమనడం, షిఫ్టు మార్చమనడం, ఉన్నట్టుండి సెలవులు పెరగడం, క్యాంటీన్‌లో ఒక్కరే కూర్చోవడం, బాగా పనిచేసే మనిషి పని మానేస్తాను, లెక్క తేల్చమనడం: ఇలా వస్తాయి. కాబట్టి ఇన్‌చార్జి నేర్చుకోవలసిన మొదటి పని ఆగడం. నలుగురికీ కనిపించేలా, కానీ మాట వినిపించని చోటికి ఆవిడను రమ్మని, 'ఆ బస్సులో ఏమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా? చెప్పాలనిపిస్తే వింటాను, ఇప్పుడే చెప్పాలని లేదు, మేడమ్‌తో చెప్పుకున్నా పరవాలేదు' అనాలి. అంతకుమించి గుచ్చి గుచ్చి అడగకూడదు.

ఆవిడ మేస్త్రీ పేరు చెప్పి, రోజూ పక్కన కూర్చోమంటున్నాడని, కాదంటే పని తీసేయిస్తానంటున్నాడని చెప్పిందనుకుందాం. అప్పుడు 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకూడదు, ఆ మాట నిలబెట్టుకోలేరు. 'దీన్ని చూడవలసినవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పను, వాళ్లెవరో కూడా నీకు ముందే చెబుతాను' అనవచ్చు. ఆవిడ మాటలను ఆవిడ వాడిన మాటల్లోనే, తేదీ, సమయంతో అదే రోజు రాసి ఉంచాలి, సొంత వ్యాఖ్యానం కలపకూడదు. అంతర్గత కమిటీ ఒకటి ఉందని, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చని, రాయలేకపోతే రాసిపెట్టడంలో సాయం చేయవలసిన బాధ్యత చట్టం ఆ కమిటీ మీదే పెట్టిందని చెప్పాలి. ఆ సాయంత్రానికే బస్సు సంగతి తేల్చాలి. బస్సు ఎవరు మారాలన్నది ఆవిడను అడిగే తేల్చాలి, ఎందుకంటే 'నీ మంచికే' అంటూ ఆవిడనే దూరపు లైనుకు మార్చేస్తే, శిక్ష పడింది తనకేనని ఆవిడా అనుకుంటుంది, లైనులో మిగతావాళ్లూ అనుకుంటారు.

మేస్త్రీని పిలిచి నిలదీయకూడదు. ఇది వినగానే చాలామంది మంచి సూపర్‌వైజర్లకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లకు నిజంగానే కోపం వస్తుంది. కానీ ఆ నిలదీతతో మేస్త్రీకి ముందే సంగతి తెలుస్తుంది, సాక్షులు జారుకుంటారు, ఆ మర్నాడు ఆవిడ పనికి రాదు.

విన్నప్పుడు ఏ మాటలు అనకూడదు?

'నిప్పు లేనిదే పొగ రాదు' అన్నా, 'గోరంతను కొండంత చేస్తున్నావు' అన్నా తీర్పు ఇచ్చేసినట్టే. మొదటిది ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి అన్యాయం చేస్తుంది, రెండవది చెప్పుకున్న మనిషికి. 'అతను అలాంటివాడు కాడే', 'ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?', 'ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో ఆలోచించావా?', 'మన యూనిట్ పేరు పోతుంది' అన్న మాటలు కూడా అంతే. వీటిలో చివరిది అన్నిటికంటే ఎక్కువ వినబడుతుంది, అన్నిటికంటే ఎక్కువ నోరు మూయిస్తుంది.

మేనేజర్ తానే విచారించి, ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయకూడదా? మా ఊళ్లో పెద్దమనుషులు చేసేది అదే కదా.

పనిభారం పంపకం, మాటామాటా పెరగడం, సెలవుల తగాదా వంటివి మేనేజర్ కూర్చోబెట్టి తేల్చవచ్చు, తేల్చాలి. లైంగిక వేధింపు, కుల దూషణ, దాడి, వెట్టి, బాల కార్మికుల విషయాల్లో ఆ పని చేయకూడదు. లైంగిక వేధింపు కేసులో బాధితురాలు కోరితేనే, అదీ కమిటీ ద్వారానే, విచారణకు ముందు రాజీకి వీలుంది. డబ్బు ఆధారంగా రాజీ కుదర్చకూడదని చట్టం స్పష్టంగా చెప్పింది. మిగతావి నేరాలు. వాటిలో పెద్దరికం చేయబోయిన మేనేజర్ సాక్ష్యాన్ని పాడుచేస్తాడు, కొన్నిసార్లు తానే నిందితుల జాబితాలో చేరతాడు. మధ్యవర్తిత్వం మన సమాజంలో గౌరవమున్న పనే. కానీ ఇద్దరూ సమానంగా నిలబడగలిగిన చోటే అది న్యాయంగా సాగుతుంది. ఒకరి జీతం మరొకరి చేతిలో ఉన్నప్పుడు రాజీ అనేది చాలావరకు లొంగుబాటే.

లైంగిక వేధింపుల చట్టంలో మేనేజర్ గుర్తుంచుకోవలసిన గడువులు ఏమిటి?

పది మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. హోదాలో పెద్దదైన మహిళా ఉద్యోగి అధ్యక్షురాలిగా, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుగా, బయటి సభ్యులొకరితో అది ఏర్పడాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి, వరుస ఘటనలైతే చివరిదాని నుంచి లెక్క. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, తరువాత 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, దాని మీద యజమాని 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. విచారణ సాగుతుండగా బాధితురాలు కోరితే కమిటీ బదిలీని గానీ, మూడు నెలల వరకు సెలవును గానీ సిఫారసు చేయవచ్చు. కమిటీ ఏర్పాటు చేయని యజమానికి 50 వేల రూపాయల వరకు జరిమానా ఉంది. పేర్లు, వివరాలు బయటపెట్టడం నిషిద్ధం. వాట్సాప్ గ్రూపులో 'ఎవరో గెస్ చేయండి' అని పెట్టినా అది ఉల్లంఘనే.

కాంట్రాక్టు కార్మికురాలు, అప్రెంటిస్, ట్రైనీ, ఏజెన్సీ ద్వారా వచ్చినవారు అందరూ ఈ చట్టం కిందికి వస్తారు. 'ఆవిడ మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి' అన్న జవాబు చెల్లదు. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల నుంచి పుట్టిన చట్టం ఇది. ఆ కేసు రాజస్థాన్‌ది, పేరు అక్కడి ఒక సంస్థది; మన నగరంతో దానికి సంబంధం లేదని శిక్షణలో ప్రతిసారీ చెప్పవలసి వస్తుంది.

మా సంస్థలో కులం ప్రస్తావనే రాదు. ఆ భాగం అవసరమా?

కులం పేరుతో ఎవరూ ఎవరినీ పిలవకపోవచ్చు. కానీ కొత్తగా చేరిన కుర్రాడిని 'ఇంటిపేరేంటి బాబూ?', 'మీ ఊళ్లో ఏ వీధి?', 'ఫలానావాళ్లు మీకేమవుతారు?' అని అడిగే ప్రశ్నలు దేనికో అడిగేవారికీ తెలుసు, జవాబు చెప్పేవారికీ తెలుసు. ఆ తరువాత అతనికి ఏ పని పడుతుంది, శుభ్రం చేసే పని ఎప్పుడూ అతనికే ఎందుకు పడుతుంది, క్యాంటీన్‌లో అతని బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు, అతనికి ఇల్లు అద్దెకు ఇప్పించడానికి ఎవరు ముందుకొస్తారు అన్నది గమనిస్తే కులం ప్రస్తావన ఎక్కడుందో కనబడుతుంది. 'కోటా మనిషి' అన్న మాట సమావేశంలో నవ్వులాటగా వచ్చినప్పుడు మేనేజర్ నవ్వితే ఒక అర్థం, ఆపితే ఒక అర్థం.

అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది. నలుగురి ముందూ ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని అవమానించాలనే ఉద్దేశంతో కించపరచడం, కులం పేరుతో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. నలుగురి ముందు జరిగిందా లేదా, ఉద్దేశం ఉందా లేదా అని తూచడం కోర్టు పని. మేనేజర్ పని ఆ మనిషికి పోలీసు స్టేషన్‌కు వెళ్లే హక్కు ఉందని చెప్పడం, వెళ్లడానికి సెలవు ఇవ్వడం, సీసీటీవీ రికార్డు చెరిగిపోకుండా ఆ రోజే భద్రపరచడం. 14566 అనే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు నోటీసు బోర్డు మీద ఉండాలి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి నగరంలో పనిచేసే గిరిజన యువతీ యువకుల విషయంలో ఈ శ్రద్ధ మరింత అవసరం, ఎందుకంటే వాళ్ల తరఫున మాట్లాడే బంధువులు నగరంలో తక్కువ.

యాసను ఎగతాళి చేయడం కూడా ఇందులోకి వస్తుందా?

వేరే ప్రాంతం నుంచి వచ్చిన టీమ్ లీడర్, శ్రీకాకుళం కుర్రాడు 'ఏటి' అన్న ప్రతిసారీ తానూ దీర్ఘం తీసి 'ఏటీ' అంటూ అందరినీ నవ్విస్తాడు. దీనికి నేరుగా వర్తించే శిక్షాస్మృతి సెక్షన్ వెతకనక్కరలేదు. ఆ కుర్రాడు సమావేశాల్లో మాట్లాడడం మానేశాడంటే గౌరవానికి దెబ్బ తగిలినట్టే, సంస్థ ప్రవర్తనా నియమావళిలో దానికి చోటుండాలి. ఉత్తరాంధ్ర నేల మీద పెట్టిన కార్యాలయంలో ఉత్తరాంధ్ర మాట నవ్వులపాలు కావడం మాకు చాలా బాధ కలిగించే సంగతి.

దివ్యాంగులు, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో మేనేజర్‌కు తెలియవలసింది ఏమిటి?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలంది. మేనేజర్‌కు ఇందులో ముఖ్యమైనది సముచిత సర్దుబాటు: వీల్‌చైర్‌కు సరిపోయే బల్ల, స్క్రీన్ రీడర్, మందు వేసుకునే వేళకు విరామం, వినికిడి లోపమున్నవారికి సైరన్‌తోపాటు వెలిగే లైటు. 'నీకేం కావాలి?' అని ఆ మనిషినే అడిగితే చాలావరకు ఖర్చు తక్కువే అవుతుంది. అడగకుండా జాలిపడి బాధ్యతలు తగ్గించడం కూడా వివక్షే.

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. వంద మంది, అంతకుమించి ఉన్న సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించాలి. మెడికల్ ఫిట్‌నెస్ ఫారంలో ఈ పరీక్ష పాత అలవాటుగా మిగిలి ఉందేమో వెంటనే చూసుకోవాలి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం కింద కూడా ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని గుర్తించాలి. ఆ వ్యక్తి చెప్పుకునే పేరుతోనే హాజరు పిలవడం, టాయిలెట్ ఏదో చేరిన రోజే గౌరవంగా చెప్పడం మేనేజర్ చేతిలో ఉన్న పనులు.

కాంట్రాక్టు కార్మికులు, వలస కార్మికుల సంగతి కాంట్రాక్టరు చూసుకుంటాడు కదా?

చూసుకోకపోతే బాధ్యత మళ్లీ ప్రధాన యజమానిదే. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉంది, కొత్త కోడ్లలోనూ కొనసాగింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చి 29 పాత చట్టాల స్థానాన్ని తీసుకున్నాయి కాబట్టి, పాత ఫారాలు, పాత సెక్షన్లు బట్టీపట్టిన మేనేజర్లకు ఈ భాగం మళ్లీ చెప్పవలసి ఉంటుంది. తీసేసినా, మానేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలన్న నిబంధన వేతనాల కోడ్‌లో ఉంది.

ఒడిశా, బిహార్, ఝార్ఖండ్, బెంగాల్‌ల నుంచి వచ్చి గాజువాక, అచ్యుతాపురం పరిసరాల్లో గదుల్లో ఉండే కార్మికుల విషయంలో సైట్ ఇంజినీరు కొన్ని గుర్తులు పట్టగలగాలి. ఆధార్, ఏటీఎం కార్డు మేస్త్రీ దగ్గర ఉండడం, 'అడ్వాన్సు తీరేదాకా ఊరికి పోవడానికి లేదు' అనడం, అందరి సంతకాలూ ఒకే చేతిరాతలో ఉండడం, ఓటీ గంటలు రిజిస్టరులో కనబడకపోవడం, అడిగినప్పుడు ఒక్కరే అందరి తరఫున జవాబు చెప్పడం వాటిలో కొన్ని. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఆసియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. వెట్టి అనుమానం వస్తే జిల్లా యంత్రాంగానికి తెలపాలి, కాంట్రాక్టరుకు ఫోన్ చేసి హెచ్చరించడం సరిపోదు. హిందీ, ఒడియా వచ్చిన ఒకరిని, మేస్త్రీ మనిషి కాని వారిని, మాట్లాడడానికి పెట్టుకోవాలి. ఇది చిన్న ఏర్పాటులా కనబడుతుంది గానీ, దీనితోనే చాలా నిజాలు బయటికొస్తాయి.

భద్రత గురించిన ఫిర్యాదును మానవ హక్కుల ఫిర్యాదుగా చూడాలా?

చూడాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు, వాళ్లలో నిద్రలో ఉన్న ఊరివాళ్లున్నారు. జీవించే హక్కు అన్న మాట ఈ నగరంలో పుస్తకాల్లో మిగిలిపోయే మాట కాదు. వాల్వు దగ్గర వాసన వస్తోందని, గేజి తప్పు చూపిస్తోందని, బెల్టు లేకుండా ఎక్కమంటున్నారని చెప్పే హెల్పరు మాటను 'పని ఎగ్గొట్టే సాకు' అని కొట్టిపారేసే ఫోర్‌మన్‌కు శిక్షణ అందరికంటే ముందు ఇవ్వాలి. ప్రాణాపాయం ముంచుకొస్తోందని నమ్మినప్పుడు యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు కార్మికుడికి చట్టం ఇచ్చింది. విన్న అధికారి తక్షణం చూడాలి. సెప్టిక్ ట్యాంకు, మురుగు గుంతల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013లోనే వచ్చిన మరో చట్టం, చేతితో మలం ఎత్తే పని నిషేధ చట్టం ప్రకారం నేరం, ఒప్పుకుని దిగాడన్న సాకు చెల్లదు.

ఫిర్యాదు చేసినవారి మీద కక్షసాధింపును ఎలా పసిగట్టాలి?

కక్ష తిట్టుగా రాదు. ఓటీ తగ్గుతుంది, నైట్ షిఫ్టులు వరుసగా పడతాయి, గేట్ పాస్ రెన్యువల్ ఆగుతుంది, అప్రైజల్‌లో 'టీమ్‌తో కలవడు' అని రాస్తారు, టీకి పిలవడం మానేస్తారు. అందుకే ఫిర్యాదు వచ్చిన రోజున ఆ మనిషి షిఫ్టుల పట్టీ, ఓటీ, రేటింగు నకలు తీసి ఉంచమంటాం. మూడు నెలల తరువాత, ఆరు నెలల తరువాత పక్కపక్కన పెట్టి చూస్తే మాటలతో పనిలేకుండా సంగతి తెలుస్తుంది. సాక్ష్యం చెప్పినవారి విషయంలోనూ ఇలాగే చేయాలి.

తప్పుడు ఫిర్యాదులు వస్తే?

రావచ్చు. కావాలని అబద్ధం చెప్పారని విచారణలో తేలితే చర్యకు చట్టంలో వీలుంది. అయితే రుజువు కాకపోవడం, అబద్ధం కావడం ఒకటి కాదు. ఈ తేడాను 2013 నాటి లైంగిక వేధింపుల చట్టమే చెప్పింది. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి కూడా తన వాదన వినిపించుకునే అవకాశం, గోప్యత ఉండాలి. శిక్షణలో మొదటి ప్రశ్నగా ఇది వచ్చిన ప్రతిచోటా, ముందు ఫిర్యాదు వచ్చే దారి మీ యూనిట్‌లో ఉందో లేదో చూద్దాం అంటాం.

ఫిర్యాదు మేనేజర్ మీదే, లేదా యజమాని మీదే ఉంటే?

ఫిర్యాదు దారి ఒక్కటే ఉండకూడదన్నది అందుకే. లైంగిక వేధింపు యజమాని మీదైతే, లేదా పది మందికి లోపు పనిచేసే చోటైతే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. ఇక్కడ ఒక స్థానిక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. గాజువాకలో ఇల్లు ఉండి అచ్యుతాపురంలో పనిచేసే ఆవిడ పనిచోటు ఉన్న అనకాపల్లి జిల్లా కమిటీనే ఆశ్రయించాలి. నోటీసు బోర్డుల మీద పాత జిల్లా వివరాలు ఉంటే మార్చాలి. జీతం, క్రమశిక్షణ వంటి విషయాలకు, 20 మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న చోట ఇరుపక్షాల సభ్యులు సమానంగా ఉండే ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. ఉచిత న్యాయసాయానికి 15100, మహిళలకు 181, బాలల విషయంలో 1098, అత్యవసరానికి 112.

నేరుగా మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

ప్రభుత్వోద్యోగి చేసిన ఉల్లంఘన గానీ, దాన్ని నివారించడంలో ప్రభుత్వోద్యోగి నిర్లక్ష్యం గానీ ఉంటే వెళ్లవచ్చు, ఘటన జరిగిన ఏడాదిలోపు. ప్రైవేటు సంస్థలోని మామూలు సర్వీసు తగాదాలు, పారిశ్రామిక వివాదాలు సాధారణంగా కమిషన్ తీసుకోదు. అవి కార్మిక శాఖ, కోర్టుల పరిధి. ఈ సంగతి కార్మికుడికి ముందే చెబితే విలువైన నెలలు వృథా కావు.

శిక్షణ ఏ భాషలో, ఎంతసేపు, ఎలా ఉండాలి?

తెలుగులో ఉండాలి, సూపర్‌వైజర్లు రోజూ మాట్లాడే తెలుగులో. ఆంగ్ల స్లైడ్లను చదివి వినిపించే శిక్షణలో అందరూ తల ఊపుతారు, ఎవరూ అడగరు. ఒక విడతకు ఇరవై, పాతిక మంది మించకూడదు, అందులో పైఅధికారులను, కింది సూపర్‌వైజర్లను కలిపి కూర్చోబెట్టకూడదు, ఎందుకంటే పైవారి ముందు ఎవరూ తమ షెడ్డులో జరిగేది చెప్పరు. చట్టం గంటలో ముగించి, మిగతా పూటంతా సన్నివేశాలు ఆడించాలి: ఒకరు చెప్పుకునేవారు, ఒకరు వినేవారు, ఒకరు రాసేవారు, తరువాత పాత్రలు మార్చుకోవాలి. మగ సూపర్‌వైజరు చెప్పుకునే పాత్రలో కూర్చుని, ఎదుటివారు ఫోన్ చూస్తూ వింటే ఎలా ఉంటుందో తెలుసుకున్నప్పుడు గది వాతావరణమే మారిపోతుంది. రాసిన నోట్‌లను పైకి చదివించి, ఏది విన్న మాట, ఏది ఊహ అని గీత గీయించాలి. ఈ ఒక్క అభ్యాసానికి మేం చాలా విలువ ఇస్తాం.

యంత్రాలు ఆపి రావడం కుదరని యూనిట్లలో, షిఫ్టు మొదట్లో జరిగే భద్రతా మాటల్లోనే వారానికోసారి ఒక్కో సన్నివేశం చర్చించవచ్చు.

శిక్షణ పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

మొదటి ఏడాది ఫిర్యాదులు పెరిగితే కంగారుపడకూడదు. అంతకుముందు రానివి ఇప్పుడు వస్తున్నాయి. ఫిర్యాదుల సంఖ్య సున్నా అని బోర్డుకు గర్వంగా చూపించే యూనిట్‌నే ముందు పరిశీలించాలి. మొదటిసారి చెప్పిన రోజుకూ కమిటీకి చేరిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు పట్టింది, ఫిర్యాదు చేసినవారిలో ఏడాది తరువాత ఎంతమంది ఇంకా పనిలో ఉన్నారు, కాంట్రాక్టు కార్మికుల నుంచి ఒక్క మాటైనా వచ్చిందా అన్న మూడు లెక్కలు చూడమంటాం. ఉద్యోగం మానేసి వెళ్లేవారితో తీరిగ్గా మాట్లాడితే ఇంకా చాలా తెలుస్తుంది, ఎందుకంటే అప్పటికి వాళ్లకు భయపడవలసిన పని ఉండదు. కొత్తగా సూపర్‌వైజరైన వారికి పదోన్నతి వచ్చిన నెలలోనే, మిగతావారికి ఏటా ఒకసారి ఈ శిక్షణ ఇవ్వాలి. కాంట్రాక్టరు మారినప్పుడు కొత్త మేస్త్రీలకు మొదటి గేట్ పాస్‌తోపాటే ఇవ్వాలి.